అగ్నిగదిని వదిలి వెళ్లినవాడు

తెర మీద పేర్లు పైకి పాకుతున్నాయి. వరహాలు రిమోట్ అందుకుని టీవీ కట్టేశాడు. పేర్లు పూర్తికాకుండా కట్టేయడం అతనికి అలవాటు లేదు.

"ఇదేటి?" అన్నాడు.

కూతురు హిమబిందు గోడకి జారగిలబడి కూర్చుని ఉంది. గడ్డం మోకాళ్ల మీద ఉంది. కళ్లు తడిగా ఉన్నాయి. భార్య సన్యాసమ్మ గడప దగ్గర చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ఆమె సీరియల్ చూడదు. వింటుంది.

"ఇదేటని అడుగుతన్నాను. నాలుగేళ్లు సూసేను. నాలుగేళ్లు నన్ను కూకోబెట్టి, ఆఖరికొచ్చేసరికి ఆణ్ణి అలగ లేపి పంపించేత్తారా?"

"బాగుంది నాన్నా," అంది హిమబిందు.

"ఏటి బాగుంది?"

"మొత్తం."

"మొత్తవేటి! బుర్రుండే రాసేడా అది రాసినోడు?"

సీరియల్ పేరు ధ్రువనౌక. ఏ దేశంలో తీశారో వరహాలుకి తెలీదు. ఆదివారం సాయంత్రం ఏడింటికి తెలుగులో వస్తుంది. అందులో ఒక ఓడ దూరపు నక్షత్రానికి పోతూ ఉంటుంది. ఓడ నిండా మనుషులు గాజుపెట్టెల్లో నిద్రపోతూ ఉంటారు. ఓడ అడుగున అగ్నిగది ఉంది. అందులో మంట తగ్గితే ఓడ గడ్డకడుతుంది. పెరిగితే పేలిపోతుంది. అందుకని దాని దగ్గర ఎప్పుడూ ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి పేరు ఓరిన్. నాలుగేళ్లుగా ఓరిన్ ఆ గది దాటి బయటికి రాలేదు.

ఈ ఆదివారం వచ్చాడు. ఓడకి అవతలి కొసన అతని కూతురి గాజుపెట్టె చెడిపోయింది. పిల్ల మేలుకుంది. భయపడి గోడలోని మాట్లాడే మరలో తండ్రిని పిలిచింది. ఓరిన్ చేతి తొడుగులు తీశాడు. మంటని పెంచే, తగ్గించే పిడికి వాటిని తగిలించాడు. పొడవాటి నడవాలో నడిచి వెళ్లి పిల్ల పక్కన కూర్చున్నాడు. వెనక గదిలో ఎవరూ లేరు. మంట ఎప్పటిలాగే వెలుగుతోంది. అంతే. తరువాయి వచ్చే ఆదివారం. అది ఆఖరుది.

"ఎవరికి సెప్పి ఎల్లేడు?" అన్నాడు వరహాలు. "అంతమంది నిద్దరోతన్నారు. ఒకణ్ణి లేపొచ్చు కదా. ‘బాబూ, మా గుంటకి బాగోనేదు, కాసేపు కూకో’ అనొచ్చు కదా."

"అంత టైం లేదు నాన్నా."

"నడవడానికి టైముందేటి మరి? పరిగెట్టనైనా పరిగెట్టనేదు."

"ఆ నడకే బాగుంది."

అది వరహాలుకీ తెలుసు. నడక బాగుంది. ఆ సేపు పాట లేదు, వాయిద్యం లేదు. బూట్ల చప్పుడు ఒక్కటే. మధ్యలో ఒకసారి ఆగి వెనక్కి తిరగబోయి, తిరగకుండా ముందుకు పోయాడు. నాలుగేళ్లలో అంత మంచి ముక్క ఇంకోటి రాలేదు. అందుకే వరహాలుకి ఎక్కువ మండింది.

"సరే, ఎల్లేడు. ఎల్తే ఏటవ్వాల? మంట పడిపోవాల. లేపోతే పేలిపోవాల. ఏటీ అవనేదు. దేవుడి కాడ దీపంలాగ సక్కగా ఎలుగుతంది. మరీడు ఇన్నాళ్లూ అక్కడ దేనికి కూకున్నట్టు? గోళ్లు గిల్లుకోడానికా?"

"అదే నాన్నా," అంది హిమబిందు. "వదిలేసి వచ్చాడు. ఏం కాలేదు కదా."

సన్యాసమ్మ చేతులు ఆగాయి.

"వదిలేసి వస్తే ఏం కాలేదు," అని మళ్లీ అంది హిమబిందు. లేచింది. "వచ్చే వారం ఆఖరుది కదా. నువ్వొక్కడివే చూసుకో. నేను కూర్చోను."

లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసింది. గట్టిగా వేయలేదు. గట్టిగా వేసి ఉంటే వరహాలు ఒక కేక వేసి ఊరుకునేవాడు.

"ఏటయిందిప్పుడు?" అన్నాడు భార్యతో.

"నన్నడుగుతావేటి?" అంది సన్యాసమ్మ. "నాను సూడను కదా."

*

వరహాలుది సబ్బవరం దగ్గర పల్లె. వాళ్లది చెరకు పండించే కుటుంబం. ఊళ్లో రాత్రికి పొయ్యి ఆర్పి, నీళ్లు చల్లి పడుకునేవారు. ఆర్పని పొయ్యిని అతను ఉక్కు కర్మాగారంలో చేరాక చూశాడు. బొగ్గుని గాలి తగలకుండా కాల్చే గదులు వరసగా ఉంటాయి. కట్టి వెలిగించిన రోజు నుంచి అవి చల్లారకూడదు. చల్లారితే లోపలి ఇటుక పగులుతుంది. పగిలిన ఇటుకని ఎవరూ అతికించలేరు. వరహాలు ఉద్యోగం ఆ వేడిని చూస్తూ ఉండడం. పెళ్లికి ముందు చేరాడు. రెండేళ్ల కిందట రిటైరయ్యాడు. ఇల్లు గాజువాకలో కట్టుకున్నాడు.

అతని కాలం షిఫ్టుల్లో నడిచింది. తెల్లవారితే ‘ఏ’ షిఫ్టు, మధ్యాహ్నం ‘బీ’, రాత్రి ‘సీ’. ఇప్పటికీ అంతే. చుట్టాల పెళ్లి శుభలేఖ చదివి "ముహూర్తం సీ షిఫ్టులో ఎట్టేరు" అంటాడు. పాలవాడు ఆలస్యంగా వస్తే "‘ఏ’ షిఫ్టోళ్లు డ్యూటీ ఎక్కేసేరు, ఈడింకా రానేదు" అంటాడు.

షిఫ్టు మారేచోట ఒక పద్ధతి ఉండేది. ఎవరు పెట్టారో తెలీదు. వరహాలు చేరేనాటికే ఉంది. దిగేవాడికి బదులు ఎక్కడానికి వచ్చినవాణ్ణి రిలీవరు అంటారు. రిలీవరు వచ్చి పక్కన నిలబడితే చాలదు. మీటర్ల వైపు ముఖం పెట్టి నోటితో చెప్పాలి: "వొచ్చాను. నువ్వెల్లు." ఆ మాట వినపడే దాకా దిగేవాడు కదలడు. రిలీవరు మూగనోము పట్టినా, ఇద్దరికీ పోట్లాటలున్నా ఆ రెండు మాటలూ అనక తప్పదు. రిలీవరు రాకపోతే దిగడం లేదు. మరో షిఫ్టు అక్కడే. అన్నం ఎవరైనా తెచ్చిపెడితే నిలబడి, ముఖం మీటర్ల వైపు ఉంచి తినడం.

ఇంట్లోనూ అదే. పొయ్యి మీద పాలు పెట్టి సన్యాసమ్మ "కాసేపు సూడు" అంటే వరహాలు వంటగదిలోకి వచ్చి, గిన్నె వైపు తిరిగి, "వొచ్చాను, నువ్వెల్లు" అంటాడు. ఆమె తిరిగొచ్చి ఆ మాట అనకపోతే పాలు దించి కూడా అక్కడే నిలబడి ఉంటాడు. చిన్నప్పుడు హిమబిందు కావాలని అనకుండా తలుపు చాటున నిలబడి నవ్వేది.

ధ్రువనౌక మొదటి ఎపిసోడ్ వచ్చినప్పుడు హిమబిందు నర్సింగు చదువుతోంది. ఆమే పెట్టింది. వరహాలు పేపరు చదువుకుంటూ అర్ధమనసుతో చూశాడు. మాటలు అతనికి నవ్వు తెప్పించాయి. "మహాశయా, అగ్ని క్షీణించుచున్నది" అంటున్నాడు ఎవడో. అంతలో ఓరిన్ కనిపించాడు. డబ్బా మూత తీసి, నిలబడి, మంట మీది నుంచి చూపు తిప్పకుండా తింటున్నాడు. వరహాలు పేపరు కిందపెట్టాడు.

"ఓలమ్మ, ఈడు మనోడే," అన్నాడు.

ఆనాటి నుంచి ఆదివారం ఏడింటికి తండ్రీ కూతుళ్లు టీవీ ముందుంటారు. హిమబిందుకి ఇప్పుడు ఉద్యోగం ఉంది. గాజువాకలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, ఐసీయూలో. వారమంతా ఇద్దరి మధ్యా మాటలు తక్కువ. తిన్నావా, వచ్చావా, బండిలో పెట్రోలుందా. ఆదివారం మాత్రం ఒక గంట ఓరిన్ గురించీ, తిక్క కెప్టెన్ గురించీ, రెక్కల గుర్రంలా కనబడే గ్రహాంతరవాసి గురించీ తగువులాడుకుంటారు. ఆ గంట కోసం వరహాలు సోమవారం నుంచీ ఎదురుచూస్తాడు. ఆ సంగతి ఎవరితోనూ చెప్పడు.

ఇప్పుడు ఆ గంట పోయేలా ఉంది.

*

"బావా, ఏడిసేవా లేదా రాత్రి?" అన్నాడు సత్యం.

సోమవారం పొద్దున్న టీ కొట్టు. సత్యం వరహాలుకి చాలాకాలం రిలీవరు. అతనూ ధ్రువనౌక చూస్తాడు. ఆదివారం చర్చికి వెళ్లొచ్చి, పడుకుని లేచి, ఏడింటికి టీవీ పెట్టి, ప్రకటనలు వచ్చినప్పుడల్లా వరహాలుకి ఫోన్ చేస్తాడు. కథలో జరగబోయేది ముందే ఊహించి చెప్పడం అతని జబ్బు.

"నానెందుకేడుత్తాను?"

"నాను ఏడిసేను బావా. మా ఆవిడ తువ్వాలిచ్చింది."

"మీ ఆవిడ నీ మొకానికిచ్చుంటది, మూసుకోమని."

సత్యం నవ్వాడు. టీ గ్లాసు అంచు ఊదాడు. "ఆడేం సెయ్యాలంటావ్ మరి?"

"సెప్పి ఎల్లాల. అలగన్నాననే బిందుకి కోపవొచ్చింది."

"లీవు కాయితం ఎట్టాలా? గ్రహాల అవతల సూపర్వైజరెక్కడున్నాడు బావా, సంతకం ఎట్టడానికి?"

"పరాసికం కాదు. మంట సంగతి సెప్పు నువ్వు. వదిలేత్తే మంట అలగే ఉంటదా? నువ్వు సూసేవా ఎప్పుడైనా?"

"ఉండదనుకో."

"మరి?"

"కథ కదా బావా."

"కథైతే? కథకి సిగ్గుండక్కర్లేదా?"

సత్యం రోడ్డు వైపు చూశాడు. తరవాత అతను ఏమంటాడో వరహాలుకి తెలుసు. ప్రతి ఏడూ తుఫాను రోజులొస్తే అంటాడు. ఈసారి తుఫాను లేకుండానే అన్నాడు.

"ఆరోజు నాను రాబోయేను బావా. సైకిలేసుకుని బయల్దేరేను. సెట్లన్నీ రోడ్డు మీద పడిపోయేయి. సైకిల్ నెత్తిమీదెట్టుకుని రెండు సెట్లు దాటేను. మూడోది దాటలేకపోయేను."

"ఇన్నాను, ఎన్నోపాలి ఇది?"

"అందుక్కాదు. బిందుకి కోపవొచ్చిందంటన్నావ్ కదా. అందుకు."

"దానికీ దీనికీ సమ్మందవేటి?"

సత్యం గ్లాసు కింద పెట్టాడు. "ఏటీ నేదులే," అన్నాడు.

సంబంధం ఉందని వరహాలుకి తెలుసు. నిన్న రాత్రే తెలుసు. అందుకే ఓరిన్ మీద కోపం ఆరడం లేదు.

హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు అతను ‘ఏ’ షిఫ్టులో ఉన్నాడు. గాలి మొదలయింది. కరెంటు పోయింది. ఫోన్లు పోయాయి. రిలీవరు రాలేదు. ఎవరికీ రిలీవరు రాలేదు. ఉన్నవాళ్లు ఉండిపోయారు. అప్పట్లో వీళ్లది రేకుల ఇల్లు. రేకులు ఒక్కొక్కటే లేచిపోయాయి. సన్యాసమ్మ పిల్లని వంటగట్టు కిందికి తోసి తను అడ్డంగా కూర్చుంది. పిల్లకి అప్పుడు పన్నెండేళ్లు. "నాన్న వచ్చేస్తాడు" అని రాత్రంతా అందట. మర్నాడు సాయంత్రం వరహాలు పడిన చెట్ల మీద నుంచి నడుచుకుంటూ వచ్చాడు. కప్పు లేని ఇంటి గడపలో నిలబడ్డాడు. మొదట అడిగిన మాట, "గ్యాసు కట్టేసేరా?"

హిమబిందు ఆ మాట మరిచిపోలేదు. నవ్వుతూ చుట్టాలకి చెబుతుంది. నవ్వుతూ చెప్పేది కనక అది నవ్వులాటే అని వరహాలు అనుకున్నాడు.

*

మంగళవారం, బుధవారం హిమబిందు బాగానే మాట్లాడింది. తిన్నావా, తిన్నాను. గురువారం వరహాలు సమయం చూసి అన్నాడు.

"ఆఖరుదాంట్లో ఆడు మళ్లీ మంట కాడికి ఎల్తాడంటావా?"

"తెలీదు నాన్నా," అంది. హెల్మెట్ పెట్టుకుంది.

"సత్యం మావయ్య ఎల్తాడంటన్నాడు."

"ఉహూఁ," అంది. బండి తీసింది.

శుక్రవారం సన్యాసమ్మ డాబా మీద బట్టలు తీయడానికి వెళ్లింది. నీళ్ల ట్యాంకు వెనక వరహాలు కూర్చుని ఉన్నాడు. చేతిలో ఫోన్. అందులోంచి బూట్ల చప్పుడు వినిపిస్తోంది.

"తిట్టిందాన్నే మళ్లీ సూత్తన్నావేటి?"

అతను ఫోన్ బోర్లించాడు. "ఎక్కడ తప్పు సేసేరో సూత్తన్నాను."

"దొరికిందా?"

"ఆడు మద్దిలో ఒకపాలి ఆగేడు. ఎనక్కి తిరగబోయేడు. తిరగనేదు."

"తిరిగితే ఎల్లలేడు," అంది సన్యాసమ్మ. చీర మడతపెట్టింది. "అందుకు తిరగనేదు."

"నీకెలా తెలుసు? నువ్వు సూడవు కదా."

"నువ్వు డ్యూటీకెల్లీటప్పుడు తిరిగీవోడివేటి? పిల్ల కిటికీలోంచి సెయ్యూపీది. నువ్వు తిన్నగా పోయీవోడివి."

ఆమె బట్టలు తీసుకుని మెట్లు దిగిపోయింది. వరహాలుకి చిర్రెత్తుకొచ్చింది. ఓరిన్ తన గదిని వదిలి ఎటో పోతుంటే తిరగలేదు. తను గదికి పోతూ తిరగలేదు. రెండూ ఒకటెలా అవుతాయి? కిందికి దిగి ఆ మాట చెప్పాలనుకున్నాడు. కింద కుక్కర్ కూత వేస్తోంది. ఆ చప్పుడులో చెప్పే మాట కాదు.

*

ఆదివారం హిమబిందుకి పొద్దుటి డ్యూటీ. రెండింటికి దిగాలి. కూర్చోను అంది గానీ ఆదివారం మరో చోటికి పోయే పని పెట్టుకోలేదు. వరహాలు ఆ సంగతి కనిపెట్టాడు. మధ్యాహ్నం చొక్కా వేసుకుని వెళ్లి ఆమెకిష్టమైన ఉల్లిపకోడీ తెచ్చాడు. నూనె కాగితం మీద మరకలయింది. సన్యాసమ్మ చూసి ఏమీ అనలేదు. అనకపోవడం అతనికి చిరాకు పుట్టించింది.

మూడయింది. రాలేదు. నాలుగయింది. పకోడీ మెత్తబడింది. ఫోన్ చేశాడు.

"రిలీవర్ రాలేదు నాన్నా. వాళ్ల బాబుకి జ్వరమట. వస్తానంది."

"ఎప్పుడొత్తాదట?"

"తెలీదు."

అయిదున్నరకి మళ్లీ చేశాడు. రాలేదు. ఆరున్నరకి చేశాడు. వెనక ఏదో యంత్రం ఆగి ఆగి కూస్తోంది.

"ఇంకా రానేదేటి? మనుసులేనా ఆళ్లు? పొద్దున్న నుంచి నువ్వొక్కదానివే ఉన్నావేటి?"

"ఇద్దరం. రెండో అమ్మాయి ఒక పేషెంటుని స్కానింగుకి తీసుకెళ్లింది."

"ఏడుకి సీరియల్. ఆఖరుది."

"తెలుసు నాన్నా."

"మరి? ఎవరికో ఒకరికి సెప్పేసి వొచ్చీ. ఒక్క గంటకి ఏటవుద్ది?"

యంత్రం కూత వినిపిస్తోంది.

"ఏటన్నావ్ నాన్నా?" అంది హిమబిందు నెమ్మదిగా.

వరహాలు ఫోన్ కట్టేశాడు. సన్యాసమ్మ వంటగది గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో గరిటె.

"ఏటన్నావ్? ఇంకోపాలి అను."

"ఏటీ అననేదు."

"వొదిలేసి వొచ్చీమన్నావ్."

"పిల్ల పొద్దున్నుంచి తిందో లేదో. అందుకన్నాను."

"నాను అదే అనీదాన్ని, నీకు ఫోన్ సేసి. ప్లాంటు ఫోన్ ఎవడో ఎత్తీవోడు. నువ్వు రిలీవరు రానేదని సెప్పించీవోడివి."

"అన్నం కేరేజీలో ఎట్టు," అన్నాడు వరహాలు. చొక్కా కోసం వెతికాడు. చొక్కా వేసుకునే ఉన్నాడు.

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. నవ్వుతూనే అన్నం పెట్టింది, చారు పోసింది, చిక్కుడుకాయ కూర వేసింది. పకోడీ పొట్లం పైన పెట్టింది.

"సీరియలో?" అంది.

"నువ్వు సూడు. సూసి సెప్పు."

"నాను సూడను," అంది. కానీ అతను గేటు వేస్తూ ఉంటే లోపల టీవీ మోగడం వినిపించింది.

*

ఆటోలో అతన్ని అయిదుగురి మధ్య ఇరికించారు. కేరేజీ ఒళ్లో వేడిగా ఉంది. ఆసుపత్రి దగ్గర దిగాక గేటు మనిషి విజిటింగు టైము కాదన్నాడు. మా అమ్మాయి ఇక్కడ నర్సు అన్నాడు. లిఫ్టు పనిచేయలేదు. రెండో అంతస్తు దాకా మెట్లెక్కాడు. ప్రతి మలుపు దగ్గరా ఒకర్ని తిట్టుకున్నాడు. లిఫ్టు పెట్టినవాణ్ణి, రిలీవర్ని, ధ్రువనౌక రాసినవాణ్ణి.

మెట్లు అయిపోయాక పొడవాటి నడవా వచ్చింది. మనుషులు లేరు. అతని చెప్పులు నేల మీద గట్టిగా చప్పుడు చేస్తున్నాయి. ఆ చప్పుడు ఎక్కడ విన్నాడో గుర్తొచ్చి ఇంకా విసుగు పుట్టింది. చెప్పులు ఈడ్చి నడిచాడు. అలా నడిచినా చప్పుడు తగ్గలేదు.

చివర గాజు తలుపు. లోపల రెండు మంచాలు. ఒకటి ఖాళీ. ఇంకో దాని మీద ఒక ముసలావిడ. ముక్కు మీద గొట్టం. తల దగ్గర తెర మీద పచ్చటి గీత పోతోంది. హిమబిందు మంచం పక్కన నిలబడి సెలైన్ సీసా సరిచేస్తోంది. అతన్ని చూసింది. ముఖంలో మొదట భయం.

తలుపు సగం తెరిచి, కాలు అడ్డం పెట్టి నిలబడింది.

"అమ్మకేమైనా అయిందా?"

"ఏటీ కానేదు. అన్నం తెచ్చేను."

"ఇప్పుడా? సీరియలో?"

"అవుతంది."

"ఆఖరుది నాన్నా."

"ఆడెలాగూ లేచి ఎలిపోయేడు. ఇంకేటుంది సూడ్డానికి? తిను ముందు."

"లోపల తినకూడదు."

"బయటే తిను."

గోడ పక్కన ఒక స్టూలు ఉంది. కేరేజీ గిన్నెలు దాని మీద పేర్చాడు. హిమబిందు చేతులు కడుక్కుని వచ్చి గిన్నె చేతిలోకి తీసుకుంది. కూర్చోలేదు. తలుపుని భుజంతో ఆపి, ముఖం లోపలి మంచం వైపు ఉంచి, నిలబడే తినడం మొదలుపెట్టింది. పొద్దున్న నుంచి తిననట్టుంది. ముద్దలు పెద్దవిగా పెడుతోంది.

వరహాలు చూస్తూ నిలబడ్డాడు.

"అచ్చం ఓరిన్ గాడిలాగే తింతన్నావ్," అన్నాడు. "మొదటి ఎపిసోడ్లో."

"ఓరిన్ కాదు నాన్నా," అంది, తెర మీది నుంచి చూపు తిప్పకుండా. "నువ్వు. నాకు ముందు తెలిసింది నువ్వే."

వరహాలు పకోడీ పొట్లం విప్పాడు. "మెత్తబడిపోయేయి," అన్నాడు.

ఆమె ఒకటి నోట్లో వేసుకుంది. కాసేపటికి అంది.

"ఫోన్లో అన్నావు కదా. ఒక్క గంటకి ఏటవుద్ది అని."

"అన్నాను."

"ఏటవుద్ది?"

వరహాలు గాజులోంచి ముసలావిడ వైపు చూశాడు. దుప్పటి లేస్తోంది, పడుతోంది.

"ఏటీ అవకపోవచ్చు."

"అవ్వచ్చు కూడా."

"అవ్వచ్చు."

"ఆరోజూ అంతేనా?"

ఏ రోజు అని అతను అడగలేదు.

"అంతే," అన్నాడు. "ఒదిలేసొత్తే ఏటవుద్దో నాకు తెలీదమ్మా. ఎవరికీ తెలీదు. ఏటీ అవదని తెలిసుంటే వొచ్చీసీవోణ్ణి. సెట్లు కాదు కదా, కొండలడ్డవొచ్చినా వొచ్చీసీవోణ్ణి. తెలీకే ఉండిపోయేను."

హిమబిందు నమలడం ఆపింది. చూపు తెర మీదే ఉంది. అతనికి ఆమె చెంప మాత్రం కనిపిస్తోంది.

"మరి వచ్చాక గ్యాసు గురించి అడగడం దేనికి?"

"ఏటడగాలో తెలీనేదు. కప్పు నేదు. మీరిద్దరూ సూత్తన్నారు. నోటికదొచ్చింది."

ఆమెకి పొలమారింది. నవ్వో ఏడుపో అతనికి తెలియలేదు. నీళ్ల సీసా అందించాడు. తాగి, ముక్కు భుజానికి రాసుకుంది.

"ఓరిన్ మాత్రం తప్పేనంటాను," అన్నాడు వరహాలు. "అది అదే. ఇది ఇదే."

"ఆ నడకో?"

"నడక బాగుంది. అదే నా కోపం."

ఈసారి నవ్వే. అతను గాజు దగ్గరికి జరిగాడు.

"నువ్వు కూకుని తిను. నాను సూత్తాను."

"నీకేం తెలుసు నాన్నా ఏం చూడాలో?"

"సెప్పు. సెప్తే తెలుత్తాది."

ఆమె ఎడమచేత్తో చూపించింది. "ఆ కింద నీలం రంగు అంకె. తొంభై కిందికి దిగితే నన్ను పిలు. పచ్చ గీత ఇలా కాకుండా వేరేగా పోయినా పిలు. చెయ్యి కదిపినా పిలు."

"తొంభై. గీత. సెయ్యి."

"ఊఁ."

వరహాలు చొక్కా సరిచేసుకున్నాడు. ముఖం గాజు వైపు తిప్పాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"వొచ్చాను," అన్నాడు. "నువ్వెల్లు."

వెనక గిన్నెలు నేల మీదికి దించిన చప్పుడు. స్టూలు లాగిన చప్పుడు. ఆమె గాజు వైపు వీపు పెట్టి కూర్చుందని ఆ చప్పుడుని బట్టి అతనికి తెలిసింది.

నీలం అంకె తొంభై ఆరు. తొంభై అయిదు. మళ్లీ ఆరు.

జేబులో ఫోన్ మోగింది. చెయ్యి పెట్టి, చూడకుండా నొక్కేశాడు. మళ్లీ మోగింది.

"సత్యం మావయ్యా?" అంది హిమబిందు నోటి నిండా అన్నంతో.

"ఆడే. యాడ్లొచ్చుంటాయి. కథంతా సెప్పేత్తాడు, దరిద్రుడు."

"ఎత్తొద్దు నాన్నా. రేపు ఇద్దరం కలిసి చూద్దాం. ఫోన్లో వస్తుంది."

"సూత్తాం," అన్నాడు. "ఆడు ఎనక్కి రాకపోతే మాత్రం నానొప్పుకోను."

చారు గిన్నె ఎత్తి తాగుతున్న చప్పుడు వచ్చింది. ఉప్పు సరిపోయిందా అని అడగాలనిపించింది. అడిగాడు. సరిపోయిందంది. అతను తిరగలేదు.